కల్లూరు నుంచి కడపకు ఒక సొరంగం

హిమబిందు మొండిదని పుట్టింట్లోనూ అన్నారు, అత్తింట్లోనూ అన్నారు. రెండు చోట్లా ఆమె ఆ మాటను కాదనలేదు. ప్రొద్దుటూరులో నూనెల అంగడి నడిపే తండ్రి, ఆడపిల్లకు లెక్కలు వస్తే చాలని బీకాంలో చేర్పిస్తే, అన్నం మానేసి కూర్చుని బీఎస్సీ కంప్యూటర్స్‌లోకి మార్పించుకున్న మనిషి. పెళ్లయి కర్నూలు వచ్చాక కొన్నాళ్లు రాజ్‌విహార్ దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పింది. ఊరిని ఆనుకుని ఉన్న కల్లూరులో సొంత ఇల్లు కట్టుకున్న తర్వాత ఆ ఉద్యోగం మానేసి, ముందుగదిలో ఒక మూల కంప్యూటర్ పెట్టుకుని మందుల షాపులకు, బట్టల షాపులకు బిల్లులు వేసే ప్రోగ్రాములు రాసివ్వడం మొదలుపెట్టింది. భర్త సుదర్శన్‌ది స్టీలు సామాన్ల అంగడి. నెమ్మదస్తుడు. ఎవరినీ మాట అనడు, ఎవరిచేతా మాట అనిపించుకోవడం ఇష్టం ఉండదు. ఇంట్లో మూడో మనిషి అత్తగారు ప్రమీలమ్మ. కోడలి మొండితనానికి ఆ ఇంట్లో జోడు దొరికింది ఆమె దగ్గరే.

2007 వైశాఖంలో, స్వాతి నక్షత్రం రోజున, ఆ ఇద్దరూ అహోబిలం వెళ్లారు.

దిగువ అహోబిలంలో గోవిందమ్మ సత్రం అని ఒకటుంది. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప ఊళ్ల వ్యాపారస్తులు చందాలు వేసుకుని కట్టించుకున్నది. ప్రమీలమ్మ భర్త బతికున్న రోజుల్లో ఆ చందాల కోసం ఎండనక వాననక ఊరూరా తిరిగినవాడు. అత్తాకోడళ్లు ఎగువ నుంచి దిగి వచ్చి, కాళ్లు పీకుతుండగా గది అడిగితే, గుమాస్తా ఒక్కటీ ఖాళీ లేదన్నాడు. అతని వెనక గోడకు తాళంచెవులు వరసగా వేలాడుతూనే ఉన్నాయి. అవేమిటని అడిగితే, ప్రెసిడెంటు గారు ఉంచమన్నవని చెప్పాడు.

సత్రం కమిటీ ప్రెసిడెంటు పెద్దసుబ్బయ్య కడపలో ఎరువుల హోల్‌సేల్ వ్యాపారి. గోవిందమ్మ సత్రంలో గది కావాలంటే ఆయన ఇంటికి ఫోన్ చేయాలి. ఆయన ఇంట్లో ఉండాలి, తీరిగ్గా ఉండాలి, అడిగినవాళ్ల మీద ఆయనకు దయ కలగాలి. ప్రమీలమ్మ మోకాళ్లు నొక్కుకుంటూ వరండాలో చాప మీద పడుకుంది. తెల్లారి లేచి చూస్తే చాలా గదులకు వేసిన తాళాలు వేసినట్టే ఉన్నాయి. వాటిలో ఎవరూ దిగలేదు.

తిరుగు బస్సు ఆళ్లగడ్డ దాటింది. అప్పుడు కోడలు మాట తీసింది.

"ఏ గది ఖాళీగా ఉండాదో అందరికీ కనబడితే, వీళ్లు ఈ పని చేయగలరా అత్తా?"

"అందరికీ ఎట్ల కనబడతాది?"

"నేను కనబడేట్ల చేస్తా."

ప్రమీలమ్మ కిటికీలోంచి ముఖం తిప్పి కోడల్ని కాసేపు చూసింది. చేయమని గానీ వద్దని గానీ అనలేదు. ఇంటికి చేరిన మర్నాటి నుంచి మాత్రం వంటింటి పని సగానికి సగం తన మీద వేసుకుంది.

షాపుల పని మధ్యలో చిక్కిన తీరికలో హిమబిందు ఆ వెబ్‌సైట్ రాసింది. గదులన్నీ ఒక పేజీలో కనబడతాయి. ఖాళీగా ఉన్నది పచ్చగా, నిండినది ఎర్రగా. ఎవరు ముందు అడిగితే వాళ్లకు ముందు. ఉత్తుత్తి పేర్లతో పరీక్షిస్తే అసలు తప్పులు బయటపడవని, బంధువులను, ఇరుగుపొరుగును అడిగి వాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ తీసుకుంది. అందరూ సంతోషంగానే ఇచ్చారు. అహోబిలం పని కదా అన్నారు.

తయారయ్యాక కమిటీకి కబురు పంపింది. పెద్దసుబ్బయ్య ఫోన్‌లో ముందు నవ్వాడు. ఆ తర్వాత, కమిటీ వాళ్లు నాలుగు ఊళ్లలో ఉన్నారని, కల్లూరు దాకా వచ్చి నీ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటారని అడిగాడు. అంత ముచ్చటగా ఉంటే ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని కడపకు తెమ్మన్నాడు. ఆ అవసరం లేదని, ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చునే చూడవచ్చని ఆమె చెప్పింది. అలాగైతే చూపించమన్నాడు.

చెప్పినంత సులువు కాదు ఆ పని. హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకుని పెట్టవచ్చు. కానీ కమిటీ ఇంకా ఒప్పుకోలేదు, వెబ్‌సైట్ ఇంకా పచ్చిగానే ఉంది, రోజూ ఏదో ఒకటి మారుస్తూనే ఉంది. పైగా అందులో నమ్మి ఇచ్చిన వాళ్ల ఫోన్ నంబర్లున్నాయి. తన ముందుగదిలో నడుస్తున్నదాన్ని అక్కడే ఉంచి, కమిటీ వాళ్ల కళ్లకు మాత్రం కనబడేలా చేయాలి.

ఆమెకు అప్పటికి తెలిసిన దారి ఒకటే. బీఎస్ఎన్ఎల్ వాళ్లిచ్చిన బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లోకి వెళ్లి, బయటి నుంచి ఎవరొచ్చినా తన కంప్యూటర్ దగ్గరికి పంపమని రాసిపెట్టింది. లైను తెగి వచ్చినప్పుడల్లా ఇంటి ఇంటర్నెట్ చిరునామా మారిపోతుంది కాబట్టి, మారిన చిరునామాను వెంటాడే పేరు ఒకటి ఉచితంగా దొరికితే తీసుకుంది. ఆ పేరును కమిటీ వాళ్లందరికీ ఫోన్‌లో అక్షరం అక్షరం చెప్పింది. సాయంత్రానికి ప్రొద్దుటూరు నుంచి నారాయణ శెట్టి అనే సభ్యుడు ఫోన్ చేసి, ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని చూశానని, గదులన్నీ కళ్లకు కట్టినట్టున్నాయని మెచ్చుకున్నాడు. హిమబిందు ఆ మాటలు అత్తగారికి రెండుసార్లు చెప్పింది.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే గదులు లేవు. పచ్చా లేదు, ఎరుపూ లేదు. నల్లటి పేజీ మీద ఇంగ్లీషులో ఒక్క వెక్కిరింత వాక్యం ఉంది. లోపల చూస్తే పేర్లు, నంబర్లు, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

ఎవరో తెలియదు. ఏ దేశం వాడో తెలియదు. ఎలా వచ్చాడో మాత్రం మధ్యాహ్నానికి తెలిసింది. సమాచారమంతా దాచుకునే డేటాబేస్‌ను సర్దుకోవడానికి ఆమె కంప్యూటర్‌లోనే ఇంకో పేజీ ఉంది. ఇంట్లో తను తప్ప వాడేవాళ్లు లేరు కదా అని దానికి పాస్‌వర్డ్ పెట్టలేదు. మోడెమ్‌లో తలుపు తీసినప్పుడు ఆ సంగతే గుర్తు రాలేదు. ముందుగది చూపిద్దామని తీసిన తలుపులోంచి బీరువా దాకా కనబడింది. ఊరూ పేరూ లేకుండా రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌లో తలుపులు తడుతూ తిరిగే ప్రోగ్రాములుంటాయని ఎక్కడో చదివింది గానీ, అవి కల్లూరు దాకా వస్తాయని అనుకోలేదు.

ఆమె ఏడవలేదు. మోడెమ్ తీగ పీకేసి, చీర మార్చుకుని, నంబర్లిచ్చిన వాళ్ల ఇళ్లకు బయలుదేరింది. మీ పేరూ నంబరూ ఎవరి చేతికో పోయి ఉంటాయని, తప్పు నాదేనని గడప గడపకూ వెళ్లి చెప్పింది. ఎదురింటి రామసుబ్బమ్మ, నా నంబరుతో వాడేం చేసుకుంటాడని నవ్వేసి మజ్జిగ ఇచ్చింది. సుదర్శన్ పినతండ్రి మాత్రం ముఖం మాడ్చుకుని లోపలికి పోయాడు. ఆయన ఇంట్లో ఆమె కూర్చోకుండానే తిరిగొచ్చింది.

కడపకు ఈ కబురు ఎలా చేరిందో గానీ, చేరేసరికి కొమ్ములు మొలిచాయి. సత్రాన్ని దొంగల చేతికి అప్పజెప్పబోయిందని పెద్దసుబ్బయ్య నాలుగు ఊళ్లకూ ఫోన్లు చేశాడు. మెచ్చుకున్న నారాయణ శెట్టి కూడా, ఇప్పటికి దీన్ని పక్కన పెడదామమ్మా అన్నాడు.

సుదర్శన్ భోజనాల దగ్గర మెల్లగా మాట తీశాడు. "చాలులే బిందూ. మన పని మనకుండాది. నలుగురిలో మాట పడేది ఏంటికి?"

"పడినాం కదా. ఇంకేం మిగిలిందని ఆపేది?"

"మళ్లా ఎవడన్నా వస్తే?"

"రాకుండా ఎట్ల చేయల్లనో నేర్చుకుంటా. తలుపు తీసేది రాక దొంగ పడినాడు. అంతమాత్రాన గోడ కట్టుకుని కూర్చుంటామా?"

ప్రమీలమ్మ కొడుకు కంచంలో ఇంకో ముద్ద సంగటి వేసి, తిను నాయనా అంది. ఆ మాటతో ఆ సంభాషణ ముగిసిపోయింది.

డిగ్రీలో హిమబిందుతో పాటు చదివిన జ్ఞానమణి అప్పటికి బెంగళూరులో ఒక కంపెనీలో పెద్ద కంప్యూటర్లను చూసుకునే పనిలో ఉంది. హిమబిందు జరిగిందంతా దాచకుండా చెప్పింది. జ్ఞానమణి ముందు బాగా తిట్టి, తర్వాత నేర్పింది. ఇంటి తలుపు తీసిపెట్టి ఊరంతటినీ రమ్మనడమే మొదటి తప్పు, అసలు ఆ తలుపు తీయాల్సిన పనే లేదు అంది. నీ కంప్యూటరే లోపల నుంచి బయటికి వెళ్లి, ఇంటర్నెట్‌లో ఎప్పుడూ మేలుకుని ఉండే ఇంకో కంప్యూటర్ దాకా ఒక సొరంగం వేసుకుంటుంది. అందులో ఏం పోతున్నదో మధ్యలో ఎవరికీ అర్థం కాదు. చూడాలనుకున్న వాళ్లు ఆ రెండో కంప్యూటర్ దగ్గరికి వస్తారు. సొరంగం అవతలి చివర నువ్వు పెట్టిన ఒక్క పేజీ తప్ప నీ ఇంటిది ఇంకేదీ వాళ్లకు కనబడదు. నీ ఇల్లు యాడుందో కూడా తెలియదు.

జ్ఞానమణికి సొంతానికి అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ ఒకటి ఉంది. అందులో హిమబిందుకు చోటిచ్చింది. స్నేహం కొద్దీ ఇచ్చినా అనుమతి మాత్రం బిగించి ఇచ్చింది. "సొరంగం వేసుకునేదానికి తప్ప నా మెషిన్‌లో నువ్వు ఇంకేం చేయలేవు. ఏమనుకోవద్దు. నాకు నేనైనా ఇట్లనే ఇస్తా," అంది.

హిమబిందు ఏమీ అనుకోలేదు. అలాగే బిగించడం తను కూడా నేర్చుకోవాలని మాత్రం అనుకుంది.

ఆ వర్షాకాలమంతా అదే పని. మోడెమ్‌లో తీసిన తలుపును మూసేసింది. ఆ డేటాబేస్ పేజీని వేళ్లతో సహా పీకేసింది. ఊహించి కొట్టే వీలున్న పాస్‌వర్డ్‌కు బదులు, తన కంప్యూటర్‌లో ఒక సగం, అవతల ఒక సగం ఉండే తాళంచెవితో మాత్రమే సొరంగం తెరుచుకునేలా చేసింది. చూడటానికి వచ్చే ప్రతి సభ్యుడికీ వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టింది. తప్పు పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొడితే కాసేపు లోపలికి రానివ్వకుండా చేసింది. ఈసారి ఎవరి అసలు నంబర్లూ అడగలేదు. తన నోటికొచ్చిన పేర్లే పెట్టింది. ఎవరు, ఎప్పుడు, ఏ పేజీకి వచ్చారో రోజూ పొద్దున చూసుకునేది. మొదటిసారి ఆ జాబితా చూసినప్పుడు ఆమె భయపడి, మోడెమ్‌లో తలుపు మూసి ఉందో లేదో మళ్లీ చూసుకుంది. ఎక్కడెక్కడి వాళ్లో తడుతూనే ఉన్నారు. కొన్నాళ్లకు ఆ భయం పోయి కసి పుట్టింది. తట్టుకోండి అనుకునేది.

కార్తీకంలో కడపలో సత్రం వాళ్లకు ఏడాదికోసారి జరిగే మీటింగ్. చందాదారుడి భార్యగా ప్రమీలమ్మకు మాట్లాడే హక్కుంది. వెబ్‌సైట్ సంగతి మీటింగ్‌లో పెట్టాలని ఆమె నారాయణ శెట్టి చేత చెప్పించింది. పెద్దసుబ్బయ్య కాదనలేక, ఒక షరతు పెట్టాడు. తన మేనల్లుడు వేణుగోపాల్ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు, అతను అందరి ముందూ అందులోకి జొరబడి చూస్తాడు, జొరబడగలిగితే ఈ మాట మళ్లీ ఎత్తకూడదు. హిమబిందు సరే అంది.

మీటింగ్‌కు ముందు ఆయన సుదర్శన్ అంగడికి కూడా ఫోన్ చేశాడు. స్టీలు సరుకు పంపే పెద్ద వ్యాపారి తనకు వియ్యంకుడని గుర్తుచేశాడు. ఇంటి ఆడవాళ్లను అదుపులో పెట్టుకోకపోతే వ్యాపారంలో ఇబ్బందులొస్తాయని, పెద్దవాడిగా చెబుతున్నానని అన్నాడు. సుదర్శన్ అంతా విని, సరే మామా అని పెట్టేశాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఆ రోజు సాయంత్రం మాత్రం అంగడిలోని ఇన్వర్టర్‌ను, బ్యాటరీతో సహా, షేర్ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. మీటింగ్ సమయానికి కరెంటు పోతే ఎట్ల అన్నాడు. పెద్దసుబ్బయ్య ఫోన్ చేసిన మాట హిమబిందుకు చాలా రోజుల తర్వాత అంగడి గుమాస్తా చెబితే తెలిసింది.

ప్రమీలమ్మ తెల్లారే బస్సెక్కి కడప వెళ్లింది. హిమబిందు కల్లూరులోనే ఉండిపోయింది. కంప్యూటర్ వదిలి వెళ్లడానికి లేదు. ఇద్దరి మధ్యా ఉన్నది ప్రమీలమ్మ చేతిలోని సెల్‌ఫోనే. మీటింగ్ జరిగే వ్యాపారస్తుల సంఘం కల్యాణ మండపం ఆఫీసు గదిలో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే, వేణుగోపాల్ తన ల్యాప్‌టాప్ అక్కడే పెట్టాడు. ప్రమీలమ్మ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది. కల్లూరులో హిమబిందు ముందుగది తలుపు వేసుకుని, చెవికి ఫోన్ ఆనించుకుని కూర్చుంది.

మొదట్లోనే ఒక గలాటా అయింది. పేజీ తెరవగానే, ఈ చోటును నమ్మవద్దని ల్యాప్‌టాప్ హెచ్చరిక చూపింది. పెద్దసుబ్బయ్య గొంతు ఫోన్‌లో గట్టిగా వినబడింది. కంప్యూటరే నమ్మొద్దంటాంటే మనమెట్ల నమ్మల్ల అంటున్నాడు. ఆ హెచ్చరిక వస్తుందని హిమబిందుకు ముందే తెలుసు. వెబ్‌సైట్ అసలైనదేనని చెప్పే, డబ్బు కట్టి కొనే ధ్రువపత్రం బదులు తనే ఒకటి తయారుచేసుకుంది, దాని గుర్తుగా ఉండే అక్షరాలను అత్తగారికి కాగితం మీద రాసిచ్చింది. వాటిని తెర మీద ఉన్న అక్షరాలతో సరిచూడమంది. ప్రమీలమ్మ ఒక్కొక్కటే చదివింది, వేణుగోపాల్ ఒక్కొక్కదానికీ ఊఁ కొట్టాడు. అన్నీ కలిశాయి. మధ్యలో ఇంకెవరూ దూరలేదని, ఇది కల్లూరు నుంచే వస్తోందని అతను సభ్యులకు చెప్పాడు.

తర్వాత అతను తన పని మొదలుపెట్టాడు. సొరంగం అవతలి కంప్యూటర్ తలుపులు తట్టాడు. రకరకాల పాస్‌వర్డులు కొట్టాడు. పేర్లు రాసే గడుల్లో పేర్లకు బదులు డేటాబేస్‌ను బోల్తా కొట్టించే ఆదేశాలు రాశాడు. ఫోన్‌లో కీబోర్డు చప్పుడు, ఎవరో టీ చప్పరించడం, ఫ్యాను శబ్దం. తన తెర మీద హిమబిందుకు ఆ దెబ్బలన్నీ వరసగా కనబడుతున్నాయి. ఒక్కొక్కటీ వచ్చి తగిలి వెనక్కి పోతోంది.

"బయట నుంచి పోలేకపోతాండా మామా," అన్నాడు వేణుగోపాల్.

గదిలో చిన్న కలకలం.  అంతలో అతనే మళ్లీ అన్నాడు. "ఉండండి. నాకిచ్చిన పేరుతో లోపలికి పోయి చూస్తా."

చూశాడు. తన పేరున ఒక గది తీసుకుని, ఆ బుకింగ్ తెరిచాడు. పేజీ పైన కనబడే చిరునామాలో చివరనున్న అంకెను మార్చి కొట్టాడు. ఇంకొకరి బుకింగ్ వచ్చింది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, అన్నీ.

హిమబిందు తన తెర మీద అదే చూసింది. ఊరి వాకిలి, వీధి వాకిలి, ఇంటి వాకిలి అన్నీ బిగించి, లోపల గదికీ గదికీ మధ్య తలుపు పెట్టడం మరిచిపోయింది. అవి ఉత్తుత్తి పేర్లే. కానీ రేపు అసలు మనుషులు వస్తే ఒకరి నంబరు ఒకరికి ఇలాగే కనబడేది.

"చూసినారా?" పెద్దసుబ్బయ్య లేచి నిలబడినట్టున్నాడు, కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఆడపిల్ల ఆట అని నేను మొదటే చెప్పినా. చాలు, ఆ పెట్టె మూసేయప్పా వేణూ."

"మూయద్దు," అంది హిమబిందు.

 బల్ల మీద ఫోన్‌లోంచి ఆ గొంతు అంత గట్టిగా వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"వేణుగోపాలన్నా, నువ్వు చెప్పింది నిజమే. తప్పు నాదే. ఫోన్ పెట్టొద్దండి, ఆడనే ఉండండి."

ఫోన్ పక్కన పెట్టి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. బుకింగ్ చూపించే చోట, అడుగుతున్నవాడిదేనా అది అని చూడాలి. ప్రోగ్రాంలో ఆ పరీక్షే లేదు. తొందరలో ఒకసారి తప్పు కొట్టి, తుడిచి, మళ్లీ రాసింది. రెండు వరుసలు. భద్రం చేసి ఫోన్ తీసుకుంది.

"ఇప్పుడు మళ్లా కొట్టన్నా."

వేణుగోపాల్ కొట్టాడు. ఇది మీ బుకింగ్ కాదు అని వచ్చింది. ఇంకో అంకె మార్చాడు. అదే మాట. ఇంకోటి. అదే.

"అక్కా, ఇప్పుడే మార్చినావా?"

"ఇప్పుడే. ఈడ నా కంప్యూటర్‌లో మారిస్తే మీకాడ మారినట్లే."

నారాయణ శెట్టి ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చి వంగి చూశాడని ప్రమీలమ్మ తర్వాత చెప్పింది. కర్నూలులో మార్చితే కడపలో కనబడటం ఆయనకు వింతగా తోచి, ఎర్రగా ఉన్న ఒక గదిని పచ్చగా చేయమని అడిగించి మరీ చూశాడట.

పెద్దసుబ్బయ్య తేలిగ్గా వదల్లేదు. ఈరోజు ఒక తప్పు బయటపడింది, రేపు ఇంకోటి పడదని ఏమిటన్నాడు.  వేణుగోపాల్ మేనమామ ముఖం చూడకుండా చెప్పాడు.

"మామా, లోపలికి పోగలనా లేదా చూడమని నన్ను పిలిపిస్తివి. పోలేకపోయినా. లోపల ఒక తప్పు దొరికె, చెప్పినా, ఆమె సరిచేసె. తప్పులు లేని ప్రోగ్రాం నేను కూడా రాయలేదు. నేను చెప్పగలిగేది ఇంతే."

అప్పుడాయన ఇంకో దారి పట్టాడు. ఇంట్లో పెట్టుకున్న కంప్యూటర్‌తో సత్రం నడుపుతావా అని అడిగాడు. హిమబిందు లేదంది. ఈ సొరంగం చూపించడానికే, మీటింగ్ ముగియగానే మూసేస్తానంది. కమిటీ ఒప్పుకుంటే సర్వర్ అద్దెకు తీసుకుని అక్కడ పెట్టాలని, ధ్రువపత్రం కూడా కొనుక్కోవాలని చెప్పింది. చివరికి ఆయన మెత్తబడినట్టు మాట్లాడాడు. పిల్ల కష్టపడింది కాబట్టి సగం గదులు వెబ్‌సైట్‌లో పెడదాం, మిగతా సగం ఎప్పటిలాగే తన దగ్గర ఉంటాయి అన్నాడు. కొందరికి ఆ మాట బాగానే అనిపించింది. గొడవ తీరిపోతుందని తలలూపారు.

కల్లూరులో హిమబిందు తలుపు సందులోంచి చూసింది. సుదర్శన్ వసారాలో ఇన్వర్టర్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతను ఇటు చూడలేదు.

"అన్ని గదులూ కనబడల్ల మామా," అంది ఆమె ఫోన్‌లో. "పెద్దలకు రెండు ఉంచుకుంటామంటే ఉంచుకోండి. అవి కూడా ఎవరికోసమో రాసి కనబడల్ల. లేకుంటే నా ప్రోగ్రాం నా దగ్గరే ఉండనీండి. సగం చూపించే దానికి నేను చేయలేదు."

ఇక ప్రమీలమ్మ లేచింది. ఆ మీటింగులకు ఆమె రావడమే తక్కువ, వచ్చినా మాట్లాడేది కాదు. "సుబ్బయ్యన్నా, ఈ సత్రానికి చందాలు అడిగేటప్పుడు మా ఆయన ఏ ఇంట్లోనూ నీ పేరు చెప్పలేదు, తన పేరు చెప్పలేదు. గోవిందమ్మ సత్రం పేరు చెప్పినాడు. గదులు అందరివీ. చేతులు ఎత్తమను, ఇప్పుడే. ఎత్తనోళ్లు ఎత్తకపోనీ, ఎవరో తెలుస్తాది."

చేతులు లేచాయి. అందరివీ లేవలేదు. నారాయణ శెట్టిది ముందు లేచింది. నంద్యాల వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎత్తారు. కడప వాళ్లలో కొందరు బల్ల మీద గీతలు గీస్తూ కూర్చున్నారు. లెక్కపెడితే సగం దాటాయి. అంత వరకు చాలు.

హిమబిందు ఫోన్ పెట్టేసి, సొరంగం మూసేసింది. తర్వాత వసారాలోకి వచ్చి, ఇన్వర్టర్ అంగడికి పంపించేయవచ్చు అంది. కరెంటు ఆ రోజంతా పోనే లేదు.

ఆ గెలుపు ఊరికే రాలేదు. సంక్రాంతికి ముందు సుదర్శన్‌కు కడప నుంచి రావలసిన సరుకు ఆగిపోయింది. ఏవో సాకులు చెప్పారు. అతను ఒక్కరోజు అంగడి లెక్కలు చూసుకుని, మర్నాడు బళ్లారి బస్సెక్కి కొత్త వ్యాపారిని చూసుకుని వచ్చాడు. ఆ సీజన్‌లో అంగడి పలచగానే నడిచింది. పినతండ్రి ఇంటితో రాకపోకలు మళ్లీ మొదలవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. పెద్దసుబ్బయ్య ప్రెసిడెంటుగానే కొనసాగాడు. ప్రోగ్రాం మొత్తాన్ని సీడీలో పెట్టి తనకు తెలిసిన హైదరాబాద్ కంపెనీకి అప్పగించమని, ఇకపై వాళ్లే చూసుకుంటారని ఉత్తరం పంపించాడు. హిమబిందు ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు. కమిటీ తీర్మానం చేసి అడిగితే ఇస్తానని నారాయణ శెట్టితో చెప్పించింది. తీర్మానం జరగలేదు.

వేణుగోపాల్ మాత్రం అప్పుడప్పుడు ఫోన్ చేసి, అక్కా ఈ దారిలో వస్తే ఏమవుతాదో చూసినావా అని అడిగేవాడు. కొన్నిసార్లు చూసి ఉండేది, కొన్నిసార్లు చూసి ఉండేది కాదు. తన విద్యార్థులకు ఆ సొరంగం గురించి చెప్పమని ఒకసారి కాలేజీకి పిలిచాడు. వెళ్లి, తన కంప్యూటర్ ఎలా తుడిచిపెట్టుకుపోయిందో ముందు చెప్పి, తర్వాతే మిగతాది చెప్పింది.

గోవిందమ్మ సత్రం గదులు మాఘంలోనే అద్దె సర్వర్ మీదికి ఎక్కాయి. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు ఆదోని నుంచి, గూడూరు నుంచి, ఎప్పుడూ ఆ గడప తొక్కని వాళ్లు కూడా ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని గదులు తీసుకున్నారు. తేరు రోజుకు గదులన్నీ ఎర్రగా నిండిపోయాయి. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం హిమబిందు ఫోన్ మోగింది. పెద్దసుబ్బయ్య. అల్లుడి తరఫు వాళ్లు వస్తున్నారని, గది కావాలని అడిగాడు. పెద్దలకని ఉంచుకున్న రెండూ అప్పటికే అహోబిల మఠం అతిథుల పేరున రాసి ఉన్నాయి.

"నిండిపోయినాయి మామా. ఎవరన్నా రద్దు చేసుకుంటే వరసలో ఉండేవాళ్లకు పోతాది. మీ పేరు పెట్టమంటారా?"

పెద్దలకని ఉంచిన రెండూ లేవా అని అడిగాడు, లేవంది. చివరికి, పెట్టు అన్నాడు.

ప్రమీలమ్మ కందిపప్పు చెరుగుతూ వింటోంది. ఫోన్ పెట్టేశాక, ఆయన ముందర ఎవరున్నారని అడిగింది.

"ఆదోని టైలర్ ఒకాయన."

"ముందు ఆయన్నే పోనీ," అంది ప్రమీలమ్మ. చేట మళ్లీ ఆడించింది. హిమబిందు పెద్దసుబ్బయ్య పేరు కొట్టి, వరసలో పెట్టి, మందుల షాపు వాళ్ల బిల్లుల పనిలో పడింది.